‘మొద్దు’ అనే ముందు ఒక్క క్షణం

అది నా ఉద్యోగ జీవితంలో మొదటి సంవత్సరం. నాలుగవ తరగతికి తెలుగు బోధిస్తున్నాను. ఆనాటి పాఠం శరీర భాగాల గురించి. సొంత వాక్యాలు రాసి, ఒక్కొక్కరే లేచి చదవమన్నాను. మూడవ వరుసలోని ఒక అబ్బాయి నిలబడి, గట్టిగా, ఉత్సాహంగా చదివాడు: “నాకు రెండు కల్లు ఉన్నాయి.”

పుస్తకం తీసుకుని చూశాను. రాసిందీ అలాగే ఉంది. ‘కళ్ళు’ ఉండవలసిన చోట ‘కల్లు’. తరగతి గొల్లుమంది. “రెండు కుండలా, రెండు సీసాలా?” అని వెనుక నుండి ఎవరో అన్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా దాచడం న్యాయం కాదు. నేనూ నవ్వాను.

ఆ పిల్లవాడిది ముస్లిం కుటుంబం. కల్లు ముట్టడం మాట అటుంచి, ఆ ఇంట్లో దాని పేరు కూడా ఎత్తరు. అందరూ ఎందుకు నవ్వుతున్నారో అతనికి వెంటనే అర్థం కాలేదు. పక్కనున్నవాడు చెవిలో చెప్పాక అర్థమైంది. మౌనంగా కూర్చున్నాడు. అది మొదలు సంక్రాంతి సెలవుల వరకు ఆ పిల్లవాడు తరగతిలో నోరు విప్పలేదు. ప్రశ్న అడిగితే నేల చూపులు చూసేవాడు. నా మార్కుల పుస్తకంలో అతని పేరుకు ఎదురుగా ‘మందకొడి’ అని రాసుకున్నాను.

సెలవులు ముగిసిన రోజున అతని తల్లి బడికి వచ్చింది. “ఇంట్లో వాడి నోరు మూతపడదు సార్. రోజూ దాదీకి కథలు చెబుతాడు. రేపటి నుండి బడి అనగానే రాత్రంతా ఏడ్చాడు. వాడి కల్లు ఎలా వాచాయో మీరే చూడండి” అన్నది.

ఆమె కూడా ‘కల్లు’ అనే అన్నది. అప్పుడు గాని నాకు తెలిసిరాలేదు. పిల్లవాడు తప్పు నేర్చుకోలేదు. తల్లి నోట విన్నదే పలికాడు, పలికినదే రాశాడు. ఉర్దూలో ‘ళ’ అనే ధ్వని లేదు. ‘ణ’ కూడా లేదు. పుట్టినప్పటి నుండి చెవిన పడని శబ్దాన్ని అతని నాలుక ఎక్కడి నుండి తెస్తుంది? నేనూ ముస్లింనే. అయితే మా ఇంట్లో తరతరాలుగా మాట్లాడేది తెలుగే. కనుక ఉర్దూ ఇంటి పిల్లవాడి కష్టం నాకు తోచనేలేదు. మతం ఒకటైనంత మాత్రాన అన్నీ తెలుస్తాయనుకోవడం నా అజ్ఞానం.

తెలంగాణలో 2024 డీఎస్సీ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టుల కొరకు జరిగిన 2025 మెగా డీఎస్సీ ద్వారా వేలాది మంది యువతీ యువకులు ఉపాధ్యాయులయ్యారు. మన ఇళ్ళలోని చదువుకున్న ఆడపిల్లలు ఎందరో ప్రైవేటు పాఠశాలల్లో, మసీదు మక్తబ్‌లలో పాఠాలు చెబుతున్నారు. వారందరికీ ఈ పాత ఉపాధ్యాయుడు చెప్పదలచిన మాట ఒక్కటే: పిల్లవాడు ఎలాంటివాడో తీర్పు చెప్పే ముందు, అతనికీ పాఠానికీ నడుమ ఏ అడ్డు నిలిచి ఉందో వెదకండి.

రకాలు కాదు, అడ్డంకులు

శిక్షణ తరగతుల్లో మీరు ఒక మాట విని ఉంటారు. కొందరు పిల్లలు చూసి నేర్చుకుంటారట, కొందరు విని, మరికొందరు చేసి నేర్చుకుంటారట. కాబట్టి ఎవరి ‘శైలి’కి తగిన పాఠం వారికి చెప్పాలట. వినడానికి సొంపుగా ఉన్న ఈ సిద్ధాంతాన్ని అమెరికాకు చెందిన నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో నిశితంగా పరిశీలించారు. శైలిని బట్టి పాఠం మార్చితే పిల్లలు మరింత బాగా నేర్చుకుంటారని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని తేల్చారు. బహుళ ప్రజ్ఞల సిద్ధాంతాన్ని 1983లో ప్రతిపాదించిన హోవర్డ్ గార్డ్‌నర్ కూడా, తన సిద్ధాంతాన్ని ఈ ‘శైలుల’తో కలిపి చూడవద్దని స్పష్టం చేశారు.

నిజానికి ప్రతి పిల్లవాడికీ చూడటం, వినడం, చేయడం మూడూ అవసరమే. భిన్నం పాఠం చెప్పేటప్పుడు రొట్టెను నాలుగు ముక్కలు చేసి చూపడం ఒక ‘రకం’ పిల్లలకే మేలు చేయదు, తరగతి మొత్తానికి మేలు చేస్తుంది. దైవప్రవక్త (స) తన సహచరులకు బోధించేటప్పుడు కొన్ని విషయాలను ఇసుకపై గీతలు గీసి వివరించారని, మాట అర్థమయ్యేందుకు మూడుసార్లు పలికేవారని హదీసు గ్రంథాల ద్వారా మనకు తెలుస్తోంది.

పిల్లల మధ్య తేడాలు లేవని కాదు. ఉన్నాయి, చాలా ఉన్నాయి. అయితే అవి వేరేచోట ఉన్నాయి. ఇంటి భాషలో, కంటి చూపులో, చెవి వినికిడిలో, నిరుటి చదువులో, ఇంటి దారిద్ర్యంలో, మనసులోని భయంలో. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇంటి భాష, బడి భాష

ఉర్దూ ఇంటి నుండి తెలుగు లేదా ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలకు వచ్చిన పిల్లవాడు ఒకేసారి రెండు పనులు చేస్తున్నాడు. పాఠాన్నీ నేర్చుకుంటున్నాడు, పాఠం చెప్పే భాషనూ నేర్చుకుంటున్నాడు. అందువల్ల అతడు చేసే తప్పులకు ఒక క్రమం ఉంటుంది. ఆ క్రమం తెలిస్తే సగం పని అయినట్లే.

లెక్కలనే తీసుకోండి. తెలుగులో ఇరవై ఒకటి, ఇరవై రెండు అంటూ అంకెలు ఒక వరుసలో నడుస్తాయి. ఉర్దూలో నూరు వరకు దాదాపు ప్రతి సంఖ్యకూ ఒక ప్రత్యేకమైన పేరు ఉంది. అందులోనూ 29ని ‘ఉన్‌తీస్’ అంటారు. అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 39 ‘ఉన్‌తాలీస్’, నలభైకి ఒకటి తక్కువ. ఇంట్లో ఈ లెక్కకు అలవాటు పడిన పిల్లవాడు ‘తీస్’ అనే ధ్వనిని పట్టుకుని 29కి బదులు 39 రాస్తే అది అశ్రద్ధ కాదు. అతడు మనసులో అనువాదం చేసుకుంటున్నాడు. ఒక వారం రోజులు తెలుగు అంకెలను కట్టెపుల్లల కట్టలతో, పది పదిగా లెక్కపెట్టించండి. చిక్కు విడిపోతుంది.

వ్యాకరణమూ అంతే. ఉర్దూలో క్రియ పుంలింగమో స్త్రీలింగమో చెబుతుంది. తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ రెంటికీ క్రియ ఒకటే. ఇలాంటి చోట క్రియలో పొరపడిన పిల్లవాడు తన ఇంటి భాష నియమాన్ని నిజాయితీగా పాటిస్తున్నాడు. ఇంటి వద్ద కుడి నుండి ఎడమకు అరబీ చదివే పిల్లవాడు తెలుగు పుస్తకాన్ని చివరి పుట నుండి తెరిచినా ఆశ్చర్యపోకండి. “ఈ పుస్తకానికి వాకిలి ఇటువైపు ఉంది” అని చెప్పండి, చాలు.

ఆ తల్లి వచ్చి వెళ్ళిన మరునాడు నేను చేసిన పని చెబుతాను. నల్లబల్లపై ‘జమీన్’, ‘ఖబర్’ అనే రెండు మాటలు రాసి, ఆ అబ్బాయిని పలకమన్నాను. చాలాసేపు బ్రతిమాలాక పలికాడు. తరువాత తరగతిని పలకమన్నాను. ఆ ‘జ’ను, గొంతులో నుండి వచ్చే ఆ ‘ఖ’ను అతనిలా ఒక్కరూ పలకలేకపోయారు. పిల్లలు తమను చూసి తామే నవ్వుకున్నారు. అప్పుడు చెప్పాను: “మీకు ఈ శబ్దం ఎంత కొత్తదో, అతనికి ‘ళ’ అంత కొత్తది. ఆ రోజు నేను నవ్వడం తప్పు.” ఉపాధ్యాయుడు తరగతి ముందు తప్పు ఒప్పుకుంటే గౌరవం పోతుందని నాకు భయముండేది. పోలేదు. ఆ వారం నుండి అతడు మిగతా పిల్లలకు ‘ఖబర్’ నేర్పేవాడు, వారు అతనికి ‘కళ్ళు, నీళ్ళు, పళ్ళు’ నేర్పేవారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ముస్లిం పేరు వినగానే ఇంటి భాష ఉర్దూ అని నిర్ణయించకండి. దూదేకుల కుటుంబాల్లోనూ, కోస్తాలోని అనేక ముస్లిం కుటుంబాల్లోనూ తెలుగే మాట్లాడతారు. లంబాడీ, కోయ, గోండు పిల్లలదీ ఉర్దూ పిల్లల కష్టం వంటిదే. బడి తెరిచిన మొదటి వారంలోనే “ఇంట్లో అమ్మతో ఏ భాషలో మాట్లాడతావు?” అని ప్రతి ఒక్కరినీ అడిగి రాసుకోండి. ఐదు నిమిషాల పని, ఏడాదంతా ఉపయోగపడుతుంది. మాతృభాషలో బోధన సాధ్యమైనంత వరకు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం కూడా చెబుతోంది. మీకు ఆ భాష రాకపోవచ్చు. పక్క బెంచీలో అదే భాష మాట్లాడే మరో పిల్లవాడు ఉంటాడు. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి, పాఠాన్ని తమ భాషలో చెప్పుకోనివ్వండి. “తరగతిలో ఉర్దూ మాట్లాడకు” అనే నిషేధం వల్ల తెలుగు రాదు. ఉన్న మాట కూడా పోతుంది.

కన్ను, చెవి

మందబుద్ధి అని ముద్రపడిన పిల్లల్లో కొందరికి కావలసింది కళ్ళద్దాలు మాత్రమే. పుట్టినప్పటి నుండి మసకగా చూసే పిల్లవాడికి లోకం స్పష్టంగా ఉంటుందన్న సంగతే తెలియదు. కనుక “నాకు కనిపించడం లేదు” అని అతడు ఫిర్యాదు చేయడు. గమనించవలసింది మీరే. నల్లబల్ల చూడకుండా పక్కవాడి పుస్తకం చూసి రాయడం, కళ్ళు చికిలించడం, పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకోవడం, మధ్యాహ్నానికి తలనొప్పి అనడం, ఇవన్నీ గుర్తులే.

చెవి సంగతి ఇంకా సూక్ష్మమైనది. చెవిలో చీము కారే పిల్లలు పేద కుటుంబాల్లో తరచుగా కనిపిస్తారు. అలాంటి పిల్లవాడికి ఒకరోజు వినిపిస్తుంది, మరొక రోజు సరిగా వినిపించదు. మనం దాన్ని ‘ఇష్టమైతే వింటాడు, లేకపోతే లేదు’ అని అపార్థం చేసుకుంటాం. అడిగిన దానికి సంబంధం లేని జవాబు చెప్పడం, ఎప్పుడూ ఒకే చెవిని మీవైపు తిప్పడం, పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం గమనిస్తే తల్లిదండ్రులకు చెప్పి వైద్యునికి చూపించండి.

అనుమానం వచ్చిన నాడే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. పిల్లవాడిని ముందు వరుసకు మార్చండి. నల్లబల్లపై అక్షరాలు పెద్దవిగా రాయండి, రాస్తూ రాస్తూ పైకి చదవండి. అయితే ముఖ్యమైన మాట చెప్పేటప్పుడు మాత్రం బల్లవైపు తిరిగి కాక పిల్లల వైపు తిరిగి చెప్పండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుండి అమలులో ఉంది. దాని కింద వైద్య బృందాలు ప్రభుత్వ పాఠశాలలకు, అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను ఉచితంగా పరీక్షిస్తాయి. ఆ బృందం వచ్చే రోజున మీ అనుమానాల జాబితా సిద్ధంగా ఉండాలి. వందమంది పిల్లలను ఒక్క పూటలో చూసే వైద్యునికంటే, రోజూ చూసే మీ గమనికే విలువైనది.

దివ్య ఖుర్ఆన్‌లోని 80వ సూరా ‘అబస’ అవతరణ నేపథ్యం మనందరికీ తెలిసినదే. దైవప్రవక్త (స) ఖురైషు నాయకులతో మాట్లాడుతుండగా, నేర్చుకోవాలన్న తపనతో అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చారు. పెద్దల వైపు ఉన్న ధ్యాసను, నేర్చుకోవాలని వచ్చిన ఆ అంధుని వైపు మరల్చవలసిందని అల్లాహ్ సందేశం వచ్చింది. అదే అంధ సహచరుడు తరువాత మదీనాలో హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు అజాన్ పలికే బాధ్యతను నిర్వహించారు. ముందు బెంచీలోని చురుకైన పిల్లల మీదే చూపు నిలిచిపోయే ప్రతి ఉపాధ్యాయుడూ ఈ సూరాను గుర్తుచేసుకోవాలి.

అక్షరం పట్టుబడని పిల్లలు

తెలుగు వర్ణమాలలో సంప్రదాయంగా 56 అక్షరాలు చెబుతారు. వాటికి గుణింతాలు, వత్తులు తోడైతే పిల్లవాడు గుర్తుపట్టవలసిన రూపాలు వందల్లోకి వెళతాయి. కనుక మొదటి రెండేళ్ళు తడబడటం సహజం. బ–భ, ద–ధ, మ–య, ప–ష వంటి జంటల్లో ఏ పిల్లవాడైనా పొరపడతాడు.

అయితే కొందరు పిల్లలు మూడవ తరగతి దాటినా, తెలివైన ప్రశ్నలు వేస్తున్నా, కథ చెబితే ఇట్టే గ్రహిస్తున్నా, చదవమంటే మాత్రం ప్రతి అక్షరం దగ్గరా ఆగిపోతారు. నిన్న గుర్తుపట్టిన పదాన్ని నేడు గుర్తుపట్టరు. చూసి రాస్తే సరిగా ఉంటుంది, చెప్పి రాయిస్తే అక్షరాలు తారుమారవుతాయి. ఇది డిస్లెక్సియా కావచ్చు. ఇది తెలివితక్కువతనం కాదు, సోమరితనం అంతకన్నా కాదు. అక్షరాన్ని ధ్వనితో ముడివేయడంలో మెదడుకు కలిగే ఒక ప్రత్యేకమైన ఇబ్బంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో ఇలాంటి అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. అర్హులైన పిల్లలకు పరీక్షల్లో అదనపు సమయం, లేఖకుని సహాయం వంటి వెసులుబాట్లు లభిస్తాయి.

దాన్ని నిర్ధారించడం మీ పని కాదు, నిపుణుల పని. మండలంలోని విలీన విద్య ఉపాధ్యాయులను, భవిత కేంద్రాన్ని సంప్రదించండి. ఈలోగా మీరు చేయగలిగినది చాలా ఉంది. అలాంటి పిల్లవాడిని తరగతి ముందు హఠాత్తుగా లేపి చదివించకండి. రేపు చదవబోయే నాలుగు వాక్యాలను ఈరోజే ఇచ్చి సాధన చేయించండి. వేలితో ఇసుకలో అక్షరం దిద్దిస్తూ, దిద్దుతున్నప్పుడే ఆ ధ్వనిని పలికించండి. సైన్సు, సాంఘిక శాస్త్రం ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పనివ్వండి. చదవడం రాలేదు కాబట్టి కిరణజన్య సంయోగక్రియ కూడా తెలియదని అనుకోవడం అన్యాయం.

మక్తబ్‌లలో బోధించే సోదర సోదరీమణులు ఈ విషయాన్ని మరింత శ్రద్ధగా గమనించాలి. ‘ఖాయిదా’ దగ్గరే నెలల తరబడి ఆగిపోయిన పిల్లవాడు, చిన్న సూరాలను విని కంఠస్థం చేయడంలో అందరికంటే ముందుండవచ్చు. ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెండు పుణ్యఫలాలు ఉన్నాయని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆయన రెండింతలు గౌరవించిన తడబాటును మనం బెత్తంతో ఎలా అవమానిస్తాం?

ఎడమచేతి వాటం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని మన ఇళ్ళలో చిన్నది కాదు. కుడిచేత్తో భుజించడం మనకు నేర్పిన మర్యాద. పిల్లలకు దాన్ని ప్రేమతో నేర్పుదాం. అయితే ఏ చేత్తో కలం పట్టాలన్నది వేరే సంగతి. అది శరీర నిర్మాణానికి సంబంధించినది. ఎడమచేత్తో సహజంగా రాసే పిల్లవాడి వేళ్ళపై స్కేలుతో కొట్టి కుడిచేతికి మార్చితే, రాత వంకరవుతుంది, వేగం తగ్గుతుంది, చివరకు రాయడమంటేనే విరక్తి పుడుతుంది. అలాంటి పిల్లవాడిని బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టండి. పక్కవాడి మోచేయి తగలదు. నోటుపుస్తకాన్ని కొంచెం కుడివైపుకు వాల్చి పెట్టుకోమని చెప్పండి. రాసినది తనకు కనిపిస్తుంది.

ఒకే గదిలో అనేక మెట్లు

ఐదవ తరగతి హాజరుపట్టీలో పేరున్న పిల్లలందరూ ఐదవ తరగతి మెట్టు మీద ఉండరు. పత్తి ఏరే కాలంలో, మిరపకోతల కాలంలో తల్లిదండ్రులతో వెళ్ళిపోయిన పిల్లవాడు వచ్చేసరికి మూడు పాఠాలు దాటిపోయి ఉంటాయి. అతడు ఆ ఖాళీని మోసుకుంటూనే పై తరగతికి వస్తాడు. భాగహారం రాని పిల్లవాడికి భిన్నాలు చెబితే, అది పునాది లేని గోడ.

బడి తెరిచిన పదిరోజుల్లో ప్రతి పిల్లవాడినీ విడిగా పిలిచి చిన్న పరీక్ష చేయండి. ‘ప్రథమ్’ సంస్థ ప్రారంభించిన ‘అసర్’ సర్వే పద్ధతి 2005 నుండి దేశమంతటా వాడుకలో ఉంది. కొన్ని అక్షరాలు, కొన్ని పదాలు, ఒకటవ తరగతి స్థాయి పేరా, రెండవ తరగతి స్థాయి కథ చదివించి చూడటమే ఆ పద్ధతి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. ఆ తరువాత రోజుకు ఒక గంట మాత్రం, తరగతిని బట్టి కాక మెట్టును బట్టి పిల్లలను గుంపులు చేసి బోధించండి. పదాల గుంపులో మూడవ తరగతి వారూ, ఐదవ తరగతి వారూ కలిసి కూర్చోవచ్చు. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఇది మరీ ఉపయోగకరం. అయితే గుంపులకు ‘తెలివైనవారు’, ‘వెనుకబడినవారు’ అనే పేర్లు పెట్టకండి. నెలకోసారి మళ్ళీ పరీక్షించి గుంపులు మార్చండి. ఒకసారి వెనుక బెంచీలో కూర్చున్నవాడు ఏడాదంతా అక్కడే ఉండిపోతే అది గుంపు కాదు, జైలు.

చురుకైన పిల్లలనూ మరువకూడదు. పది లెక్కలు అందరికంటే ముందు చేసినవాడికి అలాంటివే మరో పది ఇవ్వడం శిక్ష. “ఈ లెక్కను ఇంకో పద్ధతిలో చేయగలవా? ఇలాంటి లెక్కను నీవే తయారుచేయగలవా?” అని అడగండి. పక్కవాడికి వివరించమనండి. అయితే రోజంతా అతనిని మీ సహాయకుడిగా తిప్పుకోకండి. అతడు కూడా నేర్చుకోవడానికే బడికి వచ్చాడు.

మౌనంగా ఉండేవారు

ప్రతి తరగతిలో అల్లరి చేయని, ప్రశ్న వేయని, తప్పు చేయని కొందరు ఉంటారు. ఎక్కువగా ఆడపిల్లలు. వారు ఇబ్బంది పెట్టరు గనుక మన దృష్టికి రారు. సంవత్సరం చివర చూస్తే వారి గురించి మనకు పేరు తప్ప మరేమీ తెలియదు.

మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త తరగతి గదుల్లోని సంభాషణలను నమోదుచేసి ఒక విషయం గమనించారు. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, అంతవరకు మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడసాగారు. రెండవ భాషలో ఆలోచించే పిల్లవాడికి ఆ రెండు సెకన్లు మరీ అమూల్యం. ప్రశ్న అడిగి, మనసులో నెమ్మదిగా మూడు లెక్కపెట్టండి. ముందు పక్కవారితో చెప్పుకుని తరువాత తరగతికి చెప్పమనండి. ఇద్దరి ముందు పలికిన నోరు కొన్నాళ్ళకు ముప్పైమంది ముందు కూడా పలుకుతుంది.

బెత్తం సంగతి

“కొట్టకపోతే చదువు రాదు. మీరు కొట్టండి సార్, మేమేమీ అనుకోం” అని చెప్పే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. తరగతి ముందు ఎగతాళి చేయడం కూడా వేధింపే. ఆనాటి నా నవ్వు బెత్తం దెబ్బ కంటే తక్కువదేమీ కాదు.

ఇది బయటి నుండి వచ్చిన కొత్త ఆలోచన అని ఎవరైనా అంటే మన చరిత్రను చూపండి. నమాజులో మాట్లాడకూడదని తెలియక మాట్లాడిన హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి)ను చుట్టూ ఉన్నవారు కోపంగా చూశారు. నమాజు ముగిశాక దైవప్రవక్త (స) ఆయనను గద్దించలేదు, కొట్టలేదు, దూషించలేదు. నమాజు ఎందుకోసమో సౌమ్యంగా వివరించారు. అంతకు ముందుగాని తరువాతగాని అంతటి మంచి బోధకుణ్ణి తాను చూడలేదని ఆ సహచరుడు చెప్పుకున్నారు. ఇబ్న్ ఖల్దూన్ 1377లో రచించిన ‘ముఖద్దిమా’లో పిల్లలపై కాఠిన్యం గురించి ప్రత్యేకంగా చర్చించారు. దండనకు భయపడే విద్యార్థి ఉత్సాహం కోల్పోయి, అబద్ధానికీ కపటానికీ అలవాటు పడతాడని హెచ్చరించారు. విద్యార్థి గ్రహణశక్తికి తగినంతే బోధించాలని ఇమామ్ గజాలీ ఉపాధ్యాయుల ధర్మాల్లో ఒకటిగా చెప్పారు.

తల్లిదండ్రులతో ఒక మాట

ఉపాధ్యాయుడు ఎంత గమనించినా పిల్లవాడి రోజులో ఒక భాగమే అతనికి కనిపిస్తుంది. మిగిలినది మీరు చెప్పాలి. పిల్లవాడు రాత్రిపూట సరిగా నిద్రపోతున్నాడా, ఉదయం ఏమైనా తిని వస్తున్నాడా, ఇంట్లో ఎవరైనా జబ్బుతో ఉన్నారా, టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటున్నాడా, ఇవన్నీ బడికి పనికివచ్చే సంగతులే. మీకు తెలుగు సరిగా రాకపోయినా, చదువు లేకపోయినా సంకోచించకండి. నా కళ్ళు తెరిపించినది చదువురాని ఒక తల్లి పలికిన తెలుగే.

ఇంట్లో ఉర్దూ మాట్లాడటం మానేసి, వచ్చీరాని ఇంగ్లీషులో పిల్లలతో మాట్లాడవద్దని కూడా నా మనవి. ఇంటి భాషలో బాగా మాట్లాడగలిగిన పిల్లవాడికి రెండవ భాష అందుతుంది. దాదీ కథలు, నానీ సామెతలు చదువుకు అడ్డుకావు, ఆసరా. అన్నిటినీ మించి, “మీ అన్న ఇలా కాదు, మీ ఆపా నీకంటే నయం” అనే పోలికలు మానండి. ఒక ఇంటి పిల్లలే ఒకేలా లేనప్పుడు, ముప్పై ఇళ్ళ పిల్లలు ఒకేలా ఎందుకుంటారు?

కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి ఇవన్నీ ఒక్కసారే చేయాలంటే భయం కలగవచ్చు. అవసరం లేదు. ఈ నెల ఒక్క పిల్లవాడిని ఎంచుకోండి. మీకు అందరికంటే ఎక్కువ విసుగు తెప్పించే పిల్లవాడినే. ఒక వారంపాటు అతనిని మందలించకుండా గమనించండి. ఎక్కడ ఆగిపోతున్నాడు? ఎప్పుడు ముఖం వికసిస్తోంది? ఎవరి పక్కన కూర్చుంటే మాట్లాడుతున్నాడు? చూసినది రాసుకోండి. వారం చివర మీ దగ్గర తీర్పు ఉండదు, ఒక ఆధారం ఉంటుంది. అక్కడి నుండి పని మొదలుపెట్టండి.

ఆనాటి మార్కుల పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ‘మందకొడి’ అన్న మాటను ఎర్ర సిరాతో కొట్టివేసి, కింద ‘ఇంటి భాష ఉర్దూ. కథలు బాగా చెబుతాడు’ అని రాశాను. కొట్టివేసినా కింది మాట ఇంకా కనిపిస్తూనే ఉంది. ఐదవ తరగతి దాటి వెళ్ళేనాటికి ఆ అబ్బాయి తెలుగులో తప్పులు రాయడం పూర్తిగా మానలేదు. కానీ ‘కళ్ళు’ మాత్రం ఎన్నడూ తప్పు రాయలేదు. చేయి పైకెత్తడం కూడా మళ్ళీ మానలేదు.